నువ్వుండబట్టి సరిపాయ

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనంతపురం ఊరి బయట ఒక గార్మెంట్స్ యూనిట్లో హెచ్చార్ పని చూస్తున్నారు. 180 మంది, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. మీ మేనేజరు ఏదో ట్రైనింగుకు వెళ్లొచ్చి, ప్రతి శనివారం సాయంత్రం అందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేత ఎవరికో ఒకరికి థాంక్స్ చెప్పించమన్నారు. చీటీలు వేయడానికి ఒక పెట్టె కూడా పెట్టించారు. నాలుగు వారాలు తిరిగేసరికి ఆపరేటర్లు "జీతం పెంచమంటే దండాలు పెట్టమంటాండారు" అని నవ్వుకుంటున్నారు. దీనివల్ల పనిచేసేవాళ్లకు నిజంగా మేలు జరుగుతుందా, ఊరికే తంతేనా అని అడిగారు. మధ్యలో ఎక్కడో, పోయిన నెల షిప్‌మెంట్‌లో దారాలు కత్తిరించే ఒక పెద్దావిడ సైజు లేబుళ్లు తారుమారైన బండిల్‌ని పట్టుకుందనీ, ఆ సంగతి మేనేజరుకు తెలియను కూడా తెలియదనీ ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ వాక్యం దగ్గరికి చివర్లో వస్తాను.

నేను కడప జిల్లాలో ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో 27 ఏళ్లు పనిచేశాను. ఎక్కువ కాలం వెల్ఫేర్ ఆఫీసరుగానే. 500 మంది, ఆ పైన కార్మికులున్న చోట ఆ ఉద్యోగం ఉండితీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ చెప్పింది కాబట్టి నన్ను పెట్టుకున్నారు. క్యాంటీన్లో సాంబారు నీళ్లలా ఉందన్న ఫిర్యాదు దగ్గర్నుంచి చావు ఖర్చుల దాకా అన్నీ నా టేబుల్ మీదికే వచ్చేవి. కాబట్టి నేను చెప్పేది సగం చదివింది, సగం చూసింది. చూసిందే ముందు చెబుతాను.

ఒక ఏప్రిల్ చివర, సి షిఫ్టు, రాత్రి రెండున్నర. కిల్న్ దగ్గర గ్రీజు పెట్టే ఒకాయన ఉండేవాడు. కిల్న్ అంటే పెద్ద ఇనుప గొట్టం, లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాగుతుంది, గొట్టం మొత్తం రోలర్ల మీద నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ఆ రాత్రి ఒక రోలర్ బేరింగు దగ్గర అతనికి నూనె మాడే వాసన తగిలింది. వట్టిచెయ్యి ఆనించి చూసి, మెట్లెక్కి కంట్రోల్ రూముకు పరుగెత్తాడు. అక్కడి మీటరు అంతా బాగానే ఉందంటోంది. "నువ్వు పో, చూస్తాంలే" అన్నారు. అతను పోలేదు. తలుపు దగ్గరే నిలబడి "ఒక్కసారి వచ్చి సూడండి సార్" అంటూనే ఉన్నాడు. షిఫ్టు ఇంజనీరు విసుక్కుంటూనే వచ్చి చూసి, వెంటనే వేగం తగ్గించి, కొత్త నూనె పోయించి, నీళ్లు పెంచారు. ఆ బేరింగు పట్టేసి ఉంటే సంగతి వేరేగా ఉండేది. అంత వేడి మీదున్న కిల్న్ ఉన్నపళంగా తిరగడం ఆగితే గొట్టం తన బరువుకు తానే వంగుతుంది. అప్పుడిక బాగుచేయడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది.

మరుసటి రోజు నోటీసు బోర్డు మీద అభినందన రాసింది నేనే. షిఫ్టు ఇంజనీరు పేరు రాశాను. గ్రీజు పెట్టే ఆయన పేరు నాకొచ్చిన రిపోర్టులో లేదు. ముందుగా కనిపెట్టింది ఎవరని నేను అడగలేదు.

ఐదు నెలల తర్వాత అతను వేబ్రిడ్జికి, అంటే లారీలు తూచే కాటా దగ్గరికి, మార్చమని అర్జీ పట్టుకుని వచ్చాడు. వేబ్రిడ్జిలో అలవెన్సు తక్కువ. ఒంట్లో బాగలేదా అని అడిగాను. బాగానే ఉందన్నాడు. ఎవరితోనైనా గొడవా అంటే లేదన్నాడు. తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని మడత మీద మడత వేస్తూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "ఆ రాత్తిరి వాసన పట్టింది నేను సార్. ఇప్పుడు గూడా వాసన వస్తాది. గానీ పోయి సెప్పబుద్ధి కావడంల్యా. అట్లాంటోడు ఆడ ఉండగూడదు."

క్షమించమని అడిగాను, బదిలీ ఇప్పించాను. అతను నన్ను తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో. తనలో పని మీద మనసు చచ్చిపోయిందని గుర్తుపట్టి, దానివల్ల పక్కవాడికి ప్రమాదం రాకూడదని తానే తప్పుకున్నాడు. ఉద్యోగుల క్షేమం గురించి మాట్లాడేటప్పుడు మనం బీపీ, షుగరు, సెలవుల లెక్క చూస్తాం. వాటికన్నా ముందే వచ్చే లక్షణం ఇది: "చెప్పబుద్ధి కావడం లేదు." మీ లైన్లలో సోమవారం గైర్హాజరీ ఎక్కువగా ఉందన్నారు కదా, అందులో జ్వరాలెన్ని, ఇలాంటివెన్ని అని ఒకసారి చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా చెబుతాను. మేలు జరుగుతుంది, అది నిజం. అయితే శనివారం వరసలో నిలబెట్టి చెప్పిస్తే జరగదు. ఎందుకో మన మాటల్లోనే ఉంది.

థాంక్స్ అనేది మనం పరాయివాళ్లతో వాడే మాట. బస్సులో జరిగి చోటిచ్చినాయనకు చెబుతాం. సంగటి ముద్ద పెట్టి పైన పప్పు వేసిన అమ్మకు చెప్పం, చెబితే "ఏం, నేనేమన్నా పరాయిదాన్నా" అంటుంది. అంతమాత్రాన మనకు కృతజ్ఞత తెలియదని కాదు, మనం దాన్ని వేరే మాటల్లో పెట్టుకున్నాం. మా వైపు ముసలివాళ్లు "సల్లగుండు నాయనా" అంటారు. "శానా శ్రమ పడినావబ్బా" అంటారు. నేను విన్నవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది, "నువ్వుండబట్టి సరిపాయ, లేకుంటే ఏమైతాండెనో." ఈ మాట ఎవరికిపడితే వాళ్లకు, ఎప్పుడుపడితే అప్పుడు చెప్పలేం. చెప్పాలంటే ఎదుటి మనిషి ఏం చేసిందో మీరు చూసి ఉండాలి, ఆమె చెయ్యకపోతే ఏమయ్యేదో మీకు తెలిసి ఉండాలి. శనివారం వరసలో నిలబడి "లైన్ టూ వాళ్లందరికీ థాంక్స్" అనడానికి ఈ రెండూ అక్కర్లేదు. ఆ సంగతి వినేవాళ్లకు తెలుసు, అందుకే నవ్వుతున్నారు.

పరిశోధనలు ఏమంటున్నాయని కూడా అడిగారు. నాకు ఉపయోగపడినవి చెబుతాను. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకలో ఒక ప్రయోగం చేశారు. కొందరి చేత వారానికోసారి, పది వారాల పాటు, తమకు మేలనిపించిన విషయాలు ఐదు దాకా రాయించారు. ఇంకొందరి చేత చికాకులు, మరికొందరి చేత మామూలు సంగతులు రాయించారు. మేలు రాసినవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పారు, ఒంటి నొప్పుల ఫిర్యాదులు కూడా వాళ్లలో తక్కువగా వచ్చాయి. అది కాలేజీ పిల్లల మీద చేసింది. పనిచేసేవాళ్ల మీద చేసినది హాంకాంగ్‌లో, 2015లో వచ్చింది. ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసే 102 మంది వైద్య సిబ్బంది అందులో పాల్గొన్నారు. కొందరి చేత పనిలో తాము కృతజ్ఞతగా ఉన్న విషయాలు వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు రాయించారు. వాళ్లలో ఒత్తిడి, దిగులు తగ్గాయి. మూడు నెలల తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది. గమనించండి, వీళ్లు ఎవరికీ బహిరంగంగా చెప్పలేదు. రాసుకున్నారు, అంతే.

రాసుకోవడం వల్ల ఏమవుతుందో నాకు నా అనుభవంలో తెలిసింది. ఉద్యోగం చివరి ఏళ్లలో నాకు నిద్ర పట్టేది కాదు. పడుకోగానే యూనియన్ నోటీసులు, ఎంక్వయిరీ ఫైళ్లు, ఎవరో గేటు దగ్గర అన్న మాట, అన్నీ తలలో తిరిగేవి. ఒక చిన్న డైరీ కొని మంగళవారం, శుక్రవారం రాత్రి రాద్దామని కూర్చున్నాను. మొదటి రోజు పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నా ఏమీ తోచలేదు. అప్పుడర్థమైంది. క్రషర్లో నిన్న ఎవరు ఆలస్యంగా వచ్చారో, ప్యాకింగులో ఎన్ని బస్తాలు పగిలాయో, ఏ ఫిట్టరు ఎవరి మీద నోరు పారేసుకున్నాడో నాకు పేర్లతో సహా తెలుసు. ఎవరు ఏ పని చక్కగా చేశారో మాత్రం ఒక్కటీ తెలియదు. నా ఉద్యోగం నాకు తప్పులు చూడటమే నేర్పింది. రెండో వారంలో మొదటి మాట రాశాను: మే నెల ఎండలో టైమ్ ఆఫీసు దగ్గర నీళ్ల కుండలకు తడి గోనెసంచి చుట్టి, రోజూ రెండు పూటలా తడుపుతున్నది ఎవరా అని చూస్తే, మా స్వీపరమ్మ. ఎవరూ చెయ్యమనలేదు. మూడేళ్లుగా చేస్తోంది. ఆ నీళ్లు నేనూ మూడేళ్లుగా తాగుతున్నాను.

ఆ తర్వాత రాయడానికి సంగతులు దొరక్కపోవడం లేదు. నిద్ర కూడా మెల్లగా దారికి వచ్చింది. పడుకునే ముందు మనసులో తిరిగే ఆలోచనలు మారడం వల్ల కృతజ్ఞత ఉన్నవాళ్లకు నిద్ర మెరుగ్గా ఉంటుందని 2009లో ఇంగ్లండ్ పరిశోధకులు రాశారు. నాకు జరిగింది కూడా అదే అనుకుంటున్నాను. కాబట్టి అమ్మా, ఆపరేటర్ల కన్నా ముందు ఈ అలవాటు మీకు, మీ లైన్ సూపర్వైజర్లకు కావాలి. రోజంతా రీవర్కు పీసులు, టార్గెటు, అరుపులు. ఒక సూపర్వైజరుకు తన లైన్లో 30 మంది తప్పులూ కంఠతా వచ్చి ఉంటాయి. ఆ మనిషి రాత్రి వాటితోనే పడుకుంటుంది.

రోజూ రాయమని మాత్రం బలవంతం చేయకండి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రోజూ రాయిస్తే మూడో వారానికి రామకోటి రాసినట్టు చెయ్యి తిరుగుతుంది, మనసు తిరగదు.

ఇక ఎదుటి మనిషికి చెప్పడం. చాలామంది సూపర్వైజర్లు "చెబితే నెత్తికెక్కుతారు" అంటారు. ఇంకొందరికి సిగ్గు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనుషుల చేత కృతజ్ఞత ఉత్తరాలు రాయించి, అందుకున్నవాళ్లు ఏమనుకుంటారో ముందే ఊహించమన్నారు. రాసినవాళ్లు ఎదుటివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని లేనిపోనిది ఊహించారు. ఎదుటివాళ్లు ఎంత సంతోషిస్తారో మాత్రం తక్కువగా అంచనా వేశారు. మన దగ్గరా ఇదే. మనం చెప్పకుండా మింగేసే మాట విలువ మనకు తెలియదు.

కానీ ఎక్కడ చెబుతామన్నది ముఖ్యం. 180 మంది ముందు ఒక్కరిని పొగిడితే ఆమెకు సంతోషం కన్నా భయం ఎక్కువ. పక్కవాళ్లు మూతి తిప్పుకుంటారు, "దిష్టి తగుల్తాది" అని ఆమే అంటుంది, మరుసటి రోజు తలనొప్పి వస్తే దానికి మీ చప్పట్లే కారణమవుతాయి. మిషను దగ్గరికి వెళ్లండి. మోటారు చప్పుడులో ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పండి. "నిన్న నాలుగో బండిల్లో జిప్పు వంకర పోతావుంటే నువ్వు ఆపి చెప్పినావు. నువ్వుండబట్టి సరిపాయ, లేకుంటే బండిలంతా విప్పాల్సి వచ్చేది." అంతే. చెప్పేసి వచ్చేయండి. ఆమె ఏమంటుందో అని ఎదురు చూడొద్దు.

ఇంటికి మాట చేరవేయడం ఇంకా గట్టిది. మా ప్యాకింగ్ ప్లాంటులో ఒక లోడరు ఉండేవాడు, వాళ్లమ్మ జీతం రోజున గేటు దగ్గరికి వచ్చి కూర్చునేది, వాడు డబ్బంతా తాగేస్తాడని. ఒకసారి ఆమెతో చెప్పాను: మొన్న లారీ వెనక్కి వస్తుంటే క్లీనరు పిల్లవాడు కింద పడబోయాడు, మీవాడే చెయ్యి పట్టి గుంజాడు అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్లో ఒక్క మాట సెప్పడు సార్ ఆడు" అంది. ఆ తర్వాత రెండు నెలలు ఆ మనిషి తాగలేదని కాలనీలో చెప్పుకున్నారు. మళ్లీ మొదలుపెట్టాడు, అదీ చెప్పాలి. ఒక మంచి మాట వ్యసనాన్ని మాన్పించదు. కానీ వాడిని గురించి ఆ ఇంట్లో ఒక మంచి సంగతి చేరింది, అది పోలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. "జీతం పెంచమంటే దండాలు పెట్టమంటాండారు" అన్న మాటను వెటకారంగా తీసేయకండి. అందులో న్యాయం ఉంది. జర్మనీలో పనిచేసిన పరిశోధకుడు యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ఒక లెక్క చెప్పాడు. మనిషి పెట్టే శ్రమకు తగ్గ ప్రతిఫలం రాకపోతే ఆ అసమానత ఒంటికి పడుతుందని, గుండె మీద కూడా ప్రభావం చూపుతుందని. ప్రతిఫలమంటే ఆయన దృష్టిలో డబ్బు, గౌరవం, ఉద్యోగ భద్రత, ఎదుగుదల. మీ కృతజ్ఞత వీటిలో గౌరవం అనే ఒక్క గిన్నెలోనే పడుతుంది. పక్క గిన్నెలు ఖాళీగా ఉంటే ఇది పొంగినా ఏం లాభం? చట్టం ప్రకారం ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలి. మీ దగ్గర అది సరిగ్గా పడుతోందా? పీఎఫ్ కట్టింగు స్లిప్పులో చూపించి అకౌంటులో వేయడం ఆలస్యమవుతోందా? బాత్రూముకు వెళ్తే నిమిషాలు లెక్కపెడుతున్నారా? ఇవి ముందు సరిచేయండి. మీ చేతిలో లేకపోతే మేనేజరుకు కాగితం మీద రాసి ఇవ్వండి. బాకీ ఉన్నవాడు వచ్చి దండం పెడితే అప్పిచ్చినవాడికి కోపమే వస్తుంది.

ఇంకొకటి. మా దగ్గర ఒక సెక్షన్ హెడ్డు ఉండేవాడు. నోరు తెరిస్తే "మీలాంటోళ్లు ఉండబట్టే ఈ ప్లాంటు నడస్తాంది" అనేవాడు. వెంటనే ఆదివారం డ్యూటీకి రమ్మనేవాడు. కొన్నాళ్లకు ఆయన నవ్వుతూ ఎదురొస్తే చాలు, మనుషులు పక్కకి తప్పుకునేవాళ్లు. "పొగిడినాడంటే డ్యూటీ ఏసినట్టే" అని ఒక మాటే పుట్టింది. నిజంగా మెచ్చుకున్నా నమ్మని స్థితికి ఆ సెక్షన్‌ను తెచ్చాడు. మీ సూపర్వైజర్లకు గట్టిగా చెప్పండి: మెచ్చుకున్న రోజు ఆ మనిషిని అదనంగా ఏమీ అడగొద్దు.

దిగులుతో నిజంగా కుంగిపోయిన మనిషికి ఇది మందు కాదు. 27 పరిశోధనలను కలిపి చూసిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు కూడా డిప్రెషన్, ఆందోళనల మీద ఈ పద్ధతుల ప్రభావం చిన్నదేనని తేల్చారు. మీ ఫ్లోరు మీద అన్నం మానేసి, మాట మానేసి తిరిగే అమ్మాయి కనిపిస్తే డైరీ చేతికి ఇవ్వకండి. డాక్టరు దగ్గరికి పంపండి, లేదా మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మీరు అడగలేదు గానీ, ఆయుధపూజ గురించి ఒక మాట. మన సీమలో మహర్నవమికి పూజ లేని షెడ్డు ఉండదు. మిషనుకు గంధం, కుంకుమ, పూలదండ. బూడిదగుమ్మడికాయ కొడతాం, బొరుగులు, బెల్లం పంచుతాం. ఏడాదంతా పనిచేసిన ఇనుముకు కృతజ్ఞత చెప్పడం మనకు ఇంత బాగా తెలుసు. ఆ రోజు ప్రతి మిషను దగ్గరా దాన్ని నడిపే మనిషి చేతనే బొట్టు పెట్టించండి, మేనేజరు ఆ పక్కన నిలబడి ఆమె పేరు అడిగి తెలుసుకోమనండి. మీ యూనిట్లో ఆయనకు ఎన్ని పేర్లు తెలుసో నాకు తెలియదు, మా జనరల్ మేనేజరుకు మాత్రం చాలా తక్కువ తెలిసేవి. మిషను లేనివాళ్లను మరిచిపోకండి. కూడేరు, రాప్తాడు, నార్పల వైపు నుంచి తెల్లవారకముందే మీ ఆడవాళ్లను ఎక్కించుకొచ్చే వ్యాను డ్రైవర్లు, బాత్రూములు కడిగే ఆమె, దారాలు కత్తిరించేవాళ్లు. వీళ్ల పని బాగా జరిగినప్పుడు ఎవరికీ కనిపించదు, జరగనప్పుడే కనిపిస్తుంది.

మీ మేనేజరుతో పెట్టె గురించి గొడవ పడొద్దు. ఉండనివ్వండి, రాయాలనుకున్నవాళ్లు రాస్తారు. శనివారం వరస మాత్రం ఆపించండి. దానికి బదులు ప్రతి లైన్ సూపర్వైజరూ వారానికి ఇద్దరు ముగ్గురి దగ్గరికి వెళ్లి, తాను కళ్లారా చూసిన పని గురించే చెప్పాలని పెట్టండి. చూసింది లేకపోతే ఆ వారం చెప్పకపోయినా ఫరవాలేదు. ఎన్ని చెప్పారని రిజిస్టరు మాత్రం పెట్టకండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. ఫలితం మొదట హాజరులో కనిపించదు. తప్పు జరిగితే దాచకుండా మీ దగ్గరికి వచ్చి చెప్పేవాళ్లు పెరుగుతారు. అది చూడండి.

ఇక ఆ పెద్దావిడ. 34 సైజు ప్యాంట్లకు 32 లేబుళ్లు పడ్డాయని పట్టుకుందన్నారు. కళ్లు సరిగ్గా కనపడని వయసులో, దారాలు కత్తిరించే మనిషి, లేబులు చూడటం తన పనే కాదు. అయినా ఆపింది. ఆ బండిల్ అట్లాగే కార్టన్లలోకి పోయి ఉంటే ఏమయ్యేదో నాకన్నా మీకే బాగా తెలుసు. మీరు దాన్ని నాకు, ఎక్కడో ఉన్న మనిషికి రాశారు. ఆమెకు చెప్పారా? సోమవారం పొద్దున్నే వెళ్లండి. వాళ్లు నేల మీద కూర్చుంటారు కదా, మీరూ కూర్చోండి. ఏం జరిగిందో మొత్తం చెప్పండి, ఎన్ని పీసులో, అవి ఎక్కడికి వెళ్లాల్సినవో, తిరిగొస్తే ఏమయ్యేదో. ఆమెకు ఆ వివరం ఎవరూ చెప్పి ఉండరు. "ఏముందిలే తల్లీ" అని కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. తర్వాత మేనేజరుకు ఆమె పేరుతో ఒక కాగితం రాయండి.

వెళ్లే ముందు మాత్రం ఆ షిప్‌మెంట్ రాత్రుల ఓవర్‌టైమ్ ఆమె లెక్కలో పడిందో లేదో ఒకసారి చూసుకోండి. పడకపోతే అది వేయించి వెళ్లండి.